డిజిటల్ మిక్సర్‌కు లాప్‌టాప్ కలిపి దూరం నుంచి నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల సౌండ్ పని చేసే కుర్రాళ్ళు డిజిటల్ మిక్సర్ కొన్న కొత్తలో అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. గుడి ఉత్సవం, పెళ్ళి, నాటకం, చర్చి ప్రార్థన, కాలేజీ ఫంక్షన్, ఎక్కడైనా ఇవే వర్తిస్తాయి.

లాప్‌టాప్ కలిపితే నాకు ఒరిగేది ఏమిటి?

సౌండ్ బాగుందో లేదో తెలిసేది జనం కూర్చున్న చోట. మనకు మిక్సర్ పెట్టుకోవడానికి దొరికే చోటు మాత్రం ఎక్కువసార్లు స్టేజీ పక్కన, లేదంటే కర్టెన్ వెనక. విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలో అయినా, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లో అయినా స్టేజీ పక్క నుంచి వినేది ఒకటి, హాలు మధ్యలో వినేది ఇంకొకటి. బాక్సుల వెనక నిలబడితే బేస్ ఎక్కువగా, మాట మొద్దుగా వినిపిస్తుంది. అక్కడే నిలబడి బేస్ తగ్గించామా, ఎదురుగా కూర్చున్నవాళ్ళకు పాట పలచబడిపోతుంది. లాప్‌టాపో ట్యాబో చేతిలో ఉంటే జనం మధ్య కూర్చుని, వాళ్ళు వినేదే వింటూ సరిచేయవచ్చు. ఖర్చు పెట్టడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

మధ్యలో లాప్‌టాప్ ఆగిపోతే సౌండ్ కూడా ఆగిపోతుందా?

ఆగదు. అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మైకుల నుంచి వచ్చే శబ్దం మిక్సర్‌లోకి వెళ్ళి, అక్కడే కలిసి, అక్కడి నుంచే యాంప్లిఫైయర్లకు పోతుంది. ఆ దారిలో లాప్‌టాప్ లేదు. అది పంపేవి ఆదేశాలు మాత్రమే: ఈ ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) ఇంత పైకి, ఆ ఛానల్ మ్యూట్, ఇక్కడ ట్రెబుల్ తక్కువ. వైఫై పోయినా, బ్యాటరీ అయిపోయినా మిక్సర్ తనకు చివరిగా అందిన ఆదేశం దగ్గరే నిలబడి పని చేస్తూ ఉంటుంది.

దీనికి రెండు మినహాయింపులు. పాటలు అదే లాప్‌టాప్ నుంచి ప్లే చేస్తుంటే దానితోపాటు పాట ఆగుతుంది. లాప్‌టాప్‌లో డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి శబ్దాన్ని కూడా నెట్‌వర్క్ మీద పంపుతుంటే అదీ ఆగుతుంది. అందుకే పాటలకు ఒకటి, కంట్రోల్‌కు ఒకటి వేరుగా పెట్టుకోమంటాను.

ఇంకో మాట. బెరింజర్ ఎక్స్ఆర్18 లాంటి పెట్టె మిక్సర్లకు ముందు ఫేడర్లు ఉండవు. లాప్‌టాప్ పోతే సౌండ్ వస్తూనే ఉంటుంది కానీ తగ్గించడానికి చెయ్యి పెట్టే చోటు ఉండదు. ఆ రకం మిక్సర్ వాడేవాళ్ళు కనెక్ట్ చేసి సిద్ధంగా ఉంచిన రెండో ఫోనో ట్యాబో లేకుండా ప్రోగ్రాం ఒప్పుకోవద్దు.

మా మిక్సర్‌కు కుదురుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

వెనక నెట్‌వర్క్, ఈథర్‌నెట్, రిమోట్ అని రాసి ఉన్న సాకెట్ ఉందేమో చూడండి. బెరింజర్ ఎక్స్32, మైడాస్ ఎం32, యమహా టీఎఫ్, క్యూఎల్, సీఎల్, అలెన్ అండ్ హీత్ క్యూ, ఎస్‌క్యూ వరసలన్నింటికీ ఉంది. అనలాగ్ మిక్సర్‌కు యూఎస్‌బీ ఉన్నా అది పాటలు ప్లే చేయడానికి, రికార్డింగ్‌కు మాత్రమే. దాని ఫేడర్లు లాప్‌టాప్ నుంచి కదలవు.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టనక్కర లేదు. ఎక్స్32 ఎడిట్, ఎం32 ఎడిట్, ఎక్స్ ఎయిర్ ఎడిట్, టీఎఫ్ ఎడిటర్, సీఎల్ ఎడిటర్, క్యూఎల్ ఎడిటర్ అన్నీ ఆయా కంపెనీల సైట్లలో ఉచితం. మిక్సర్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి ప్రోగ్రాం) పాతదై, లాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ కొత్తదైతే రెండూ కలవకపోవచ్చు. ఆ అప్‌డేట్ ఇంట్లో తీరిగ్గా చేయండి, పందిట్లో కాదు.

వెనక ఒకేలాంటి సాకెట్లు నాలుగైదు ఉన్నాయి. కేబుల్ దేనికి పెట్టాలి?

చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. సాకెట్ ఆకారం ఒకటే అయినా పని ఒకటి కాదు.

ఎక్స్32, ఎం32 వెనక ఏఈఎస్50 అని రెండు ఉంటాయి. అవి స్టేజీ బాక్సుకు (స్టేజీ మీద మైకుల కేబుళ్ళు పెట్టే పెట్టె), మిక్సర్‌కు మధ్య శబ్దం మోసేవి. కేబుల్ మామూలు నెట్‌వర్క్ కేబుల్‌లాగే ఉంటుంది కానీ లోపల నడిచేది కంప్యూటర్ భాష కాదు. లాప్‌టాప్ పెడితే ఏమీ కనపడదు, రూటర్‌కో స్విచ్‌కో పెట్టినా లాభం లేదు. అల్ట్రానెట్ అనేది సంగీతకారుల వ్యక్తిగత మానిటర్ (తమ పాట, వాద్యం తాము వినే ఏర్పాటు) పెట్టెలకు. దాన్ని పలువురికి పంచే పీ16-డీ పెట్టె అదే కేబుల్లో కరెంటు కూడా పంపుతుంది. అందులో లాప్‌టాప్ కేబుల్ పెట్టవద్దు. క్యూ మిక్సర్లలో డీస్నేక్ కూడా స్టేజీ బాక్సు కోసమే. యమహా సీఎల్, క్యూఎల్‌లలో డాంటే ప్రైమరీ, సెకండరీ అని రెండు ఉంటాయి, కంట్రోల్‌కు నెట్‌వర్క్ అని మూడోది విడిగా ఉంటుంది.

మనకు కావలసింది ఆ విడిగా ఉన్నదే. ఒకసారి గుర్తించాక పక్కన రంగు టేపు అంటించండి. చీకట్లో టార్చి వేసి వెతికే మీ కుర్రాడికి అదే దారి చూపిస్తుంది.

ఏమేం కొనాలి?

2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న మామూలు వైఫై రూటర్ ఒకటి, కేబుళ్ళు, రూటర్‌కు చిన్న యూపీఎస్. ఇంటర్నెట్ కనెక్షన్ అక్కర లేదు. రూటర్ ఇక్కడ మిక్సర్‌నీ లాప్‌టాప్‌నీ కలపడానికి మాత్రమే.

కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు మార్కెట్లో చవకగా దొరుకుతాయి. రోజూ చుట్టి విప్పే పనిలో అవి లోపల తెగిపోతాయి, బయటికి కనపడదు. అసలు రాగి క్యాట్5ఈ గానీ క్యాట్6 గానీ తీసుకోండి. మామూలు ఈథర్‌నెట్‌కు 100 మీటర్లు హద్దు. మన హాళ్ళకు, పందిళ్ళకు అది చాలు.

ఐపీ అడ్రస్ ఎలా ఇవ్వాలి? ఇదే అర్థం కాదు.

వీధి పేరు, ఇంటి నంబరు అనుకోండి. మాస్క్ అనే సెట్టింగ్ 255.255.255.0 అని ఉన్నప్పుడు, అడ్రస్‌లో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడు వీధి, చివరిది ఇల్లు. మిక్సర్, లాప్‌టాప్, రూటర్ ఒకే వీధిలో ఉండాలి, ఏ రెండింటికీ ఒకే ఇంటి నంబరు ఉండకూడదు. కష్టమంతా ఈ రెండు షరతుల దగ్గరే.

నేను ఇచ్చే అడ్రస్‌లు ఇవి. రూటర్‌కు 192.168.10.1, మిక్సర్‌కు 192.168.10.20, లాప్‌టాప్‌కు 192.168.10.50. ఫోన్లకు, ట్యాబులకు రూటరే తనంతట తాను 100 నుంచి 199 లోపు ఇచ్చేలా దాని డీహెచ్‌సీపీ సెట్టింగ్‌లో పెడతాను. అప్పుడు మిక్సర్‌కు ఇచ్చిన నంబరు ఇంకెవరికీ పోదు. మధ్యలో 10 ఎందుకంటే, ఇళ్ళలో, హాళ్ళలో ఉండే రూటర్లు ఎక్కువగా 192.168.0 లేదా 192.168.1 తోనే వస్తాయి. లాప్‌టాప్ కేబుల్ మన రూటర్‌కు, వైఫై కల్యాణమండపం రూటర్‌కు తగిలి ఉండి రెండూ ఒకే వీధి పేరు చెప్తే, ఏ దారిన వెళ్ళాలో దానికి తెలియదు.

ఎక్స్32లో సెటప్ బటన్ నొక్కి నెట్‌వర్క్ పేజీకి వెళ్తే ఐపీ అడ్రస్, మాస్క్, గేట్‌వే కనిపిస్తాయి. యమహా సీఎల్, క్యూఎల్ కంపెనీ నుంచి 192.168.0.128తో వస్తాయి, సెటప్‌లో నెట్‌వర్క్ అనే చోట మార్చుకోవాలి. కొన్ని మిక్సర్లు ఒకసారి ఆపి ఆన్ చేస్తే గానీ కొత్త అడ్రస్ తీసుకోవు.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్‌నెట్, అందులో ఐపీ అసైన్‌మెంట్ పక్కన ఎడిట్ నొక్కి, మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి నంబర్లు ఇవ్వండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మిక్సర్ నంబరు కొట్టండి. రిప్లై వరసగా నాలుగు వస్తే దారి పడినట్టే. టైమ్‌డ్ అవుట్ అంటే కేబుల్, సాకెట్, అడ్రస్ మూడింటినీ ఆ వరసలోనే చూడండి. సాకెట్ దగ్గర చిన్న లైటు వెలగకపోతే అడ్రస్ దాకా పోనక్కర లేదు, తప్పు కేబుల్లోనే.

ఈ నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి మిక్సర్ పెట్టె మూత లోపల అంటించండి.

నా లాప్‌టాప్‌కు 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది. అదేమిటి?

అడ్రస్ ఇచ్చేవాళ్ళు ఎవరూ దొరక్క లాప్‌టాప్ తనకు తానే పెట్టుకున్న నంబరు అది. రూటర్ ఆన్‌లో లేదు, లేదా కేబుల్ సరిగా కూర్చోలేదు, లేదా రూటర్ లేకుండా నేరుగా మిక్సర్‌కు కలిపి అడ్రస్ ఇవ్వడం మరిచారు. నేరుగా కలపడం తప్పేమీ కాదు, రెండు వైపులా మాన్యువల్‌గా అడ్రస్ ఇస్తే చాలు. ఈ రోజుల్లో దానికి క్రాస్ కేబుల్ కూడా అక్కర లేదు.

పింగ్ వస్తోంది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం మిక్సర్ కనపడటం లేదు.

చాలావరకు విండోస్ ఫైర్‌వాల్ పని. కొత్త నెట్‌వర్క్ తగలగానే విండోస్ దాన్ని పబ్లిక్ అనుకుంటుంది, బయటి నుంచి వచ్చే పలకరింపులను ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ప్రైవేట్‌గా మార్చండి. సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిచినప్పుడు ఫైర్‌వాల్ అనుమతి అడిగితే క్యాన్సిల్ కొట్టవద్దు. ఆఫీసు లాప్‌టాప్ అయితే వీపీఎన్ ఆపండి. అప్పటికీ కాకపోతే వైఫై ఆపేసి కేబుల్ ఒక్కదానితో చూడండి. వెతికితే కనపడని మిక్సర్ కూడా ఐపీ నంబరు చేత్తో కొడితే చాలాసార్లు దొరుకుతుంది.

కనెక్ట్ కాగానే ఎటు నుంచి ఎటు సింక్ చేయాలని అడుగుతోంది. ఏది నొక్కాలి?

ప్రోగ్రాం రోజున మిక్సర్ నుంచి లాప్‌టాప్‌కు. ఆ రోజు వేరే ఆలోచన వద్దు.

ఈ ప్రశ్న ఎంత పెద్దదో చూడండి. పొద్దుటి నుంచి సౌండ్ చెక్ చేశారు. ఒక్కో మైకుకు గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్ బలం), ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దుబాటు) కుదిరాయి, మానిటర్లు హౌలింగ్ రాకుండా నిలబడ్డాయి. అదంతా మిక్సర్‌లో ఉంది. లాప్‌టాప్‌లో ఉన్నది పోయిన వారం బొబ్బిలి పెళ్ళి సెట్టింగ్. లాప్‌టాప్ నుంచి మిక్సర్‌కు అని నొక్కారంటే పెళ్ళి సెట్టింగ్ వచ్చి ఈ రోజు పని మొత్తాన్ని తుడిచేస్తుంది. అక్కడ బ్యాండ్‌కు పెట్టిన గెయిన్ ఇక్కడ హరికథ చెప్పే దాసుగారి మైకు మీదకు వస్తుంది, బాక్సులు ఒక్కసారిగా కూత పెడతాయి. అన్‌డూ ఉంటుందని ఆశపడవద్దు.

కాబట్టి సౌండ్ చెక్ కాగానే సెట్టింగ్ మొత్తాన్ని మిక్సర్‌లో సీన్‌గా సేవ్ చేయండి, పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీయండి. ఇంట్లో ఆఫ్‌లైన్‌లో తయారుచేసిన సెట్టింగ్‌ను మిక్సర్‌లోకి ఎక్కించాలంటే లాప్‌టాప్ నుంచి మిక్సర్‌కు నొక్కాల్సిందే. అది యాంప్లిఫైయర్లు ఆన్ చేయకముందే కానివ్వండి.

రిహార్సల్‌లో బాగుంటుంది, జనం వచ్చాక వైఫై తెగిపోతోంది. ఎందుకు?

రిహార్సల్‌లో జనం లేరు, వాళ్ళ ఫోన్లు కూడా లేవు.

దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర నుంచి కోట దాకా నేల కనపడదు. అంతమంది జేబుల్లో ఉన్న ఫోన్లు వైఫై కోసం వెతుకుతూ ఉంటాయి, కొన్ని హాట్‌స్పాట్ పంచుతూ ఉంటాయి. పైగా మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చేసుకుంటుంది. అరసవల్లి రథసప్తమి రద్దీలోనూ ఇదే జరుగుతుంది.

ముందు రూటర్‌ను ఎత్తులో పెట్టండి. మిక్సర్ కింద పెట్టెలో పెడితే ముందు వరసవాళ్ళు లేచి నిలబడగానే సిగ్నల్ పోతుంది. మైక్ స్టాండుకో బాక్సు స్టాండుకో తలల కన్నా పైన కట్టండి, మీరు కూర్చునే చోటు నుంచి అది కంటికి కనపడాలి. తర్వాత 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. దాని దూరం తక్కువైనా అక్కడ రద్దీ కూడా తక్కువ. 2.4లోనే ఉండక తప్పకపోతే 1, 6, 11 ఛానళ్ళలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి, ఆటో అని వదలవద్దు. జనం లేనప్పుడు ఆటో ఎంచుకున్న ఛానల్ జనం వచ్చాక పనికిరాదు. మీ కుర్రాళ్ళ హాట్‌స్పాట్లు ముందు ఆపించండి.

ఇన్ని చేసినా వైఫై గాలిలో పోయేదే. పెద్ద కార్యక్రమంలో లాప్‌టాప్‌కు కేబులే వేస్తాను. మైకుల మల్టీకోర్ (మైకుల తీగలన్నీ ఒకటిగా ఉన్న లావు కేబుల్) వేసేటప్పుడు దానితోపాటే నెట్‌వర్క్ కేబుల్ కూడా లాగి కట్టేస్తే సరిపోతుంది. జనం నడిచే చోట తివాచీ కింద నుంచి గానీ, పైన పందిరి రాటల మీదుగా గానీ తీసుకెళ్ళండి. వైఫై ట్యాబు చేతిలో పట్టుకుని తిరగడానికి, మానిటర్లు సరిచేయడానికి ఉంచుకోవచ్చు.

రూటర్ లేకుండా ఫోన్ హాట్‌స్పాట్‌తో నడుస్తుందా?

ఎక్స్ఆర్18 లాంటి వైఫై ఉన్న మిక్సర్లతో నడుస్తుంది. కానీ ప్రోగ్రాం మధ్యలో ఆ ఫోన్‌కు కాల్ వస్తే, లేదా ఫోన్ గలాయన బయటికి వెళ్ళిపోతే? ఇంట్లో ప్రాక్టీసుకు సరే, స్టేజీకి వద్దు. ఎక్స్ఆర్18లో ఉన్న సొంత వైఫై కూడా 2.4 మాత్రమే, నలుగురికి మించి తగలరు. దానికీ బయట రూటర్ పెట్టి, స్విచ్‌ను ఈథర్‌నెట్ వైపు జరపండి.

ఒకేసారి ఇద్దరు ముగ్గురు నడపవచ్చా?

నడపవచ్చు. మీరు లాప్‌టాప్‌లో హాలు సౌండ్ చూస్తుంటే స్టేజీ దగ్గర మీ మనిషి ట్యాబులో మానిటర్లు చూడవచ్చు. పాడేవాళ్ళు తమ మానిటర్ తామే సరిచేసుకునే యాప్‌లూ ఉన్నాయి: ఎక్స్32-క్యూ, యమహా మానిటర్‌మిక్స్, క్యూ-యూ, ఎస్‌క్యూ4యూ. వాళ్ళకు పూర్తి యాప్ కాకుండా ఇవే ఇవ్వండి. పూర్తి యాప్ ఇస్తే తన గొంతు పెంచుకోబోయి హాలు ఫేడర్ లేపేస్తారు.

హరికథ, తప్పెటగుళ్ళ లాంటివాటికి ఇంత హంగామా అవసరమా?

వాటికే ఎక్కువ అవసరం. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తిరిగిన నేల ఇది. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత పాఠశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఇప్పటికీ హరికథకు ఒక మైకు స్టేజీ మీద, ఒకటి పక్కవాద్యానికి పెట్టి, ఫేడర్లు ఒకచోట నిలిపి టీ తాగడానికి వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే బాధగా ఉంటుంది.

దాసుగారు గుసగుసగా ఒక మాట చెప్తారు, మరుక్షణం పై స్థాయిలో పద్యం అందుకుంటారు. చిరతలు మైకుకు దగ్గరగా మోగుతాయి, గజ్జె కట్టిన కాలు పలక మీద పడితే దబ్బుమంటుంది. కాలర్ మైకు ఛానల్‌లో హై-పాస్ ఫిల్టర్ (అడుగు బేస్‌ను కోసేది) 100 హెర్ట్జ్ దగ్గర పెడితే ఆ దబ్బుమనడం చాలావరకు పోతుంది, గొంతు చెడదు. మిగతాది కంప్రెసర్‌కు (శబ్దం హెచ్చుతగ్గులను తనంతట తానే సర్దేది) వదిలేయకుండా చేత్తో నడపాలి. గుసగుసకు కొంచెం పైకి, పద్యానికి కొంచెం కిందికి. ఆ కొంచెం ఎంతో జనంలో కూర్చుంటేనే తెలుస్తుంది.

తప్పెటగుళ్ళకు ఇంకో చిక్కు. గుండెల మీద కట్టుకున్న రేకు తప్పెటలు పదిమందివీ కలిసి మోగుతుంటే పాట మునిగిపోతుంది. ఆటగాళ్ళు గుండ్రంగా తిరుగుతారు, ఎగురుతారు, ఒకరి మీద ఒకరు ఎక్కుతారు. పాట చెప్పే అతను ఏ వైపు తిరిగితే ఆ వైపు మైకు లేపాలి. ట్యాబు పట్టుకుని ఎదురుగా నిలబడితే అది సాధ్యం, స్టేజీ పక్క నుంచి కాదు.

డాంటే కూడా ఇదే రూటర్ మీద పంపవచ్చా?

వద్దు. డాంటే అంటే శబ్దమే నెట్‌వర్క్ మీద పోవడం. సిడ్నీలోని ఆడినేట్ అనే కంపెనీది. దానికి గిగాబిట్ స్విచ్ వేరుగా పెట్టండి, ఆ స్విచ్‌లో కరెంటు పొదుపు చేసే గ్రీన్ ఈథర్‌నెట్ ఉంటే ఆపేయండి, లేదంటే టైమింగ్ తప్పి శబ్దం చిటపటలాడుతుంది. వైఫై మీద డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ నడవదు. డాంటే మల్టీకాస్ట్ (నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి పంపే శబ్దం) వైఫై రూటర్‌లోకి వచ్చిందంటే మీ ట్యాబు ఊపిరాడక ఆగిపోతుంది.

యాంప్లిఫైయర్లు, స్పీకర్ ప్రాసెసర్లు కూడా కలపవచ్చా?

నెట్‌వర్క్ సాకెట్ ఉన్నవి కలపవచ్చు. డీబీఎక్స్ డ్రైవ్‌ర్యాక్ పీఏ2కు ఈథర్‌నెట్ ఉంది, వైఫై లేదు. కాబట్టి అదే రూటర్‌కు కేబుల్ వేసి యాప్‌తో నడపాలి. ష్యూర్ నెట్‌వర్క్ కార్డ్‌లెస్ రిసీవర్లకు వైర్‌లెస్ వర్క్‌బెంచ్ ఉచితం. మైకు బ్యాటరీ ఎంత ఉందో కూర్చున్న చోటే కనపడుతుంది, మంత్రిగారి ఉపన్యాసం మధ్యలో మైకు ఆగే గండం తప్పుతుంది. ప్రతిదానికీ వేరే ఇంటి నంబరు ఇవ్వడం మరవకండి.

హైదరాబాద్‌లో ఉన్న మా ఇంజనీర్ అక్కడి నుంచే సరిచేయగలడా?

ఎనీడెస్క్ లాంటిదానితో మీ లాప్‌టాప్‌లోకి వచ్చి సెట్టింగ్స్ చూడగలడు, నేర్పగలడు. లైవ్ మిక్సింగ్ మాత్రం కాదు, హాల్లో ఏం వినిపిస్తోందో అతనికి తెలియదు. మిక్సర్‌ను పోర్ట్ ఫార్వర్డింగ్‌తో నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. ఎక్స్32 యూడీపీ 10023 పోర్టుకు వచ్చే ఆదేశాలను పాస్‌వర్డ్ అడగకుండా పాటిస్తుంది. మీ వైఫైలోకి వచ్చిన కుర్రాడెవరైనా ఒక యాప్ దించుకుని మాస్టర్ ఫేడర్ కదపగలడని కూడా దీని అర్థం. అందుకే రూటర్‌కు గట్టి పాస్‌వర్డ్ పెట్టండి, అది పెళ్ళివారికి ఇవ్వవద్దు.

కరెంటు పోయి జనరేటర్‌కు మారేలోపు అంతా మళ్ళీ మొదలవుతోంది.

ఆ కొద్ది సెకన్లకు రూటర్ ఆగుతుంది, మళ్ళీ లేవడానికి నిమిషం పైనే పడుతుంది. మిక్సర్, రూటర్ రెండూ యూపీఎస్ మీద ఉంచండి. యాంప్లిఫైయర్లను యూపీఎస్‌కు కలపవద్దు, అది మోయలేదు. లాప్‌టాప్‌లో స్లీప్ ఆపేయండి, విండోస్ అప్‌డేట్‌ను పాజ్‌లో పెట్టండి. నిద్రపోయి లేచిన లాప్‌టాప్ తెర మీద చూపించేది పాత స్థితి కావచ్చు. మళ్ళీ కనెక్ట్ అయ్యాకే ఫేడర్ ముట్టండి.

కళింగపట్నం, బారువ వైపు ప్రోగ్రాములు ఎక్కువ. సాకెట్లు తుప్పు పడుతున్నాయి.

ఉప్పు గాలి. పని కాగానే సాకెట్లకు రబ్బరు మూతలు పెట్టండి, పెట్టెలో సిలికా జెల్ వేయండి, ప్లగ్గుల చివర్లు కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. క్లిప్పు విరిగిన ప్లగ్గును ఆ రోజే మార్చేయండి.

ప్రోగ్రాం రోజు ఏ వరసలో ఆన్ చేయాలి?

ముందు రూటర్, దాని లైట్లు నిలబడ్డాక మిక్సర్, తర్వాత లాప్‌టాప్. పింగ్ చూసి, మిక్సర్ నుంచి లాప్‌టాప్‌కు సింక్ చేసి, తెర మీద ఒక ఫేడర్ కదిపితే మిక్సర్ మీద అదే కదులుతోందో లేదో కళ్ళతో చూడండి. యాంప్లిఫైయర్లు చివర. మైకు ముందు మనిషిని నిలబెట్టి మాట్లాడిస్తూ హాలు చివరి దాకా నడిచి, ఎక్కడ కనెక్షన్ పోతోందో గుర్తుపెట్టుకోండి. ఆపేటప్పుడు యాంప్లిఫైయర్లు ముందు, సీన్ సేవ్ చేశాక మిక్సర్, రూటర్ ఆఖరున.